గడియారం మెట్ల దగ్గర నత్తనడక

జూన్ 3

ఒసే పిచ్చుకా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "ఊఁహూఁ", "సరే అత్తా" అనే మూడు ముక్కలతో నన్ను సాగనంపేస్తున్నావు. కాగితం మీద "ఊఁ" అని రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా నడిచే ఓపిక ఎవరికీ ఉండదు కదా. అందుకని ఇక మన కబుర్లన్నీ ఉత్తరాల్లోనే. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి కోరిక, కాదనకు.

ముందు ఫిర్యాదు. కాలక్షేపానికని నా కంప్యూటర్లో పెట్టి వెళ్ళావే, మీ కంపెనీ ఆట, అది నత్తనడక నడుస్తోంది. డాక్టరు మెట్లు దిగొద్దనడంతో కింద నా కుట్టు దుకాణానికి తాళం పడింది. నాకు దర్జీపని తప్ప ఇంకోటి చేతకాదు. కాబట్టి ఆటలోనూ దర్జీగానే చేరాను. రేవు పట్నంలో గడియారం స్తంభం ఉంది చూడు, దాని మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి కోట్లు కుడుతున్నాను. అందరూ నన్ను కుట్టత్త అంటారు.

సాయంత్రమయ్యేసరికి మెట్ల నిండా జనం. గొడవంతా అప్పుడే. జనం చేరిన కొద్దీ ఆట మొరాయిస్తుంది. నాలుగడుగులు వేస్తే ఎవరో కొంగు పట్టి లాగినట్టు మళ్ళీ మొదటి చోటికే వచ్చి పడతాను. సూది గుచ్చితే దారం తర్వాతెప్పుడో వస్తుంది. చిలక అని ఒకమ్మాయి ఉంది, క్షణం నోరు మూయదు. అది జోకు వేస్తే ముందు అందరి నవ్వులూ వస్తాయి, ఆనక జోకు వస్తుంది. వడ్రంగి అని ఇంకొకాయన రోజూ వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చుంటాడు. "వస్తానండీ" అని టైపు చేసి ఆయన వెళ్ళిపోయాక కూడా ఆయన బొమ్మ గోడలోకి నడుస్తూనే ఉంటుంది. చూస్తుంటే జాలేస్తుంది.

నా మేనకోడలు అక్కడ చేసే పనేమిట్రా అన్నయ్యా అని మీ నాన్నని అడిగాను. "కంప్యూటర్లు వేడెక్కకుండా చూస్తుంది" అన్నాడు. అంటే విసనకర్ర పట్టుకుని నిలబడతావా? అయితే కాస్త గట్టిగా విసరు తల్లీ.

మోకాలు తప్ప అన్నీ బాగున్న
మీ అత్త

జూన్ 11

అత్తా,

ఆఫీసుకి నా పేరు మీద కవరు వచ్చేసరికి కోర్టు నోటీసు అనుకుని నలుగురు చుట్టూ చేరారు. "మా మేనత్త" అని చెబితే నమ్మలేదు. ప్రింటర్లోంచి కాగితం దొంగిలించి, పక్క సీటు అమ్మాయి పెన్ను అడిగి తీసుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకో, చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో.

విసనకర్ర నా శాఖ కాదు. నేను చూసేది సర్వర్లని. సర్వర్ అంటే మీ అందరి ఆటనీ నడిపే పెద్ద కంప్యూటర్. నువ్వు చెయ్యి ఎత్తావనుకో, ఆ సంగతి మెట్ల మీదున్న ప్రతి ఒక్కరికీ అదే వెళ్ళి చెప్పాలి. పదిమంది ఉంటే పదిమంది సంగతులు పదిమందికీ మొయ్యాలి. వందమంది చేరితే వందమంది సంగతులు వందమందికీ. జనం పదింతలైతే దాని చాకిరీ నూరింతలవుతుందన్నమాట. మనింట్లో చుట్టాలంతా చేరినప్పుడు వంటింటికీ వరండాకీ మధ్య కబుర్లు మోసేది నాన్న ఒక్కడే కదా, సాయంత్రానికి ఆయన ముఖం ఎలా ఉండేదో గుర్తుందా? ప్రస్తుతం మా సర్వర్ ముఖం అలాగే ఉంది. కబురు ఆలస్యమైతే నువ్వు నడిచిన సంగతి దానికి అందదు, అందుకే నిన్ను మళ్ళీ మొదటి చోట నిలబెడుతుంది.

నవ్వుతూ రాస్తున్నాను గానీ ఇక్కడ నవ్వులాటగా లేదత్తా. పోయినేడు కొత్త కోట తెరిచిన రోజు జనమంతా గేటు దగ్గర గుమిగూడారు, సర్వర్ చతికిలబడింది. ఆగస్టు మొదట్లో కొత్త దీవి తెరుస్తున్నాం. పడవలు బయల్దేరేది మీ గడియారం రేవు నుంచే. ఈసారి కూడా పడిపోతే ఆటనే మూసేస్తామని పైవాళ్ళు తెగేసి చెప్పారు. ఆ మెట్లని దారికి తెచ్చే పని నా నెత్తిన పెట్టారు. ఒక ఉపాయం తట్టింది, చేసి చూస్తాను.

అది సరే, ఎవరా వడ్రంగి? రోజూ వస్తాడు, మెట్లన్నీ ఉండగా నీ పక్క మెట్టే కావాలి. ఊరికే అడుగుతున్నాను. ఏ రంగు బట్టలు కుట్టించుకోమంటావు?

నీ పిచ్చుక

జూన్ 18

అధికప్రసంగి గారికి,

పెళ్ళి వద్దని మీ తాతయ్య ముందు నిలబడి చెప్పినప్పుడే నేను బెదరలేదు, నీ ఉత్తరానికి బెదురుతానా? ఆయన మర్యాదస్తుడు. బల్లలూ పీటలూ చేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. ఆ రెండో గుణం మన వంశంలో ఎవరికీ లేదు కాబట్టి నీకు వింతగా ఉంటుంది. నేను కూర్చుని కుట్టే ముక్కాలిపీట ఆయన చేసిచ్చిందే.

దానికి బదులుగా ఒక కోటు కుట్టిపెట్టమని అడిగాడు. గోధుమరంగుది. ఆయన టోపీ గోధుమరంగు, చెప్పులు గోధుమరంగు, సంచీ గోధుమరంగు. మట్టిలో పడితే మనిషి కనబడడు. నేను చిలకపచ్చ రంగులో కుట్టి ఇచ్చాను. గుండీలు మాత్రం గోధుమరంగువే పెట్టాను, నేను మాట తప్పే మనిషిని కాను. మెట్ల మీద అందరూ ఒకటే నవ్వు. ఆయన కోటు తీసుకుని, "రేపు చూద్దామండీ" అని టైపు చేసి చటుక్కున వెళ్ళిపోయాడు. నచ్చిందో నచ్చలేదో తెలియలేదు. రేపు వస్తాడుగా, అడుగుతాను.

నీ ఉపాయమేదో త్వరగా కానీ. ఆ నత్తనడక వదిలిస్తే నీకో మంచి చొక్కా కుట్టి పంపుతాను. ఆటలో కాదు, నిజం గుడ్డతో. దుకాణానికి తాళం వేసినా ఇంట్లో చిన్న మిషను ఉంది, కాలితో తొక్కేది కాదు లే. కొలతలు పంపు. పొట్ట దగ్గర అబద్ధం రాయకు.

ఆట మూసేస్తారని రాశావు. నిజంగా మూసేస్తారా? అలా బెదిరిస్తుంటారా ఉద్యోగాల్లో?

మీ అత్త

జూన్ 27

అత్తా!

అయిపోయింది! వారం రోజులుగా చూస్తున్నాను, మీ మెట్ల దగ్గర నత్తనడక లేదు. ఎలా చేశానో రాస్తే నీకు ఆవలింతలు వస్తాయి, అందుకని రాయను. సర్వర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది. మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. ఆయన ఎవరి బల్ల దగ్గరికీ రాడు.

కొలతలు వెనక వైపు రాశాను. పొట్ట కొలత నిజమే, కాకపోతే ఊపిరి బిగబట్టి తీసింది.

ఎలా ఉంది మరి? నడిస్తే నడిచినట్టు ఉందా? రెండు ముక్కలు రాయి, ఇక్కడ అందరికీ చూపిస్తాను.

గాల్లో తేలుతున్న
నీ పిచ్చుక

జులై 4

చిరంజీవి మేనకోడలికి,

మీ ఉత్తరం అందినది. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

గడియారం మెట్ల దగ్గర ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంది. తోసుకునేవాళ్ళు లేరు. నడిస్తే నడిచినట్టే ఉంటుంది. సూది గుచ్చగానే దారం వస్తోంది. ఎంతసేపు కూర్చున్నా పలకరించి పని చెడగొట్టేవాళ్ళు లేరు. మీ కంపెనీవారు చేసిన ఏర్పాటు చాలా గొప్పగా ఉంది. చాలా సంతోషం.

చొక్కా కుడతాను. మాట ఇచ్చాను కనుక.

ఇట్లు,
మీ మేనత్త

జులై 12

అత్తా, బంగారు అత్తా,

నీ ఉత్తరం మీటింగులో పైకి చదివాను! "తోసుకునేవాళ్ళు లేరు" దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. ఆడేవాళ్ళు ఇంత మనసు పెట్టి మెచ్చుకోవడం మా కంపెనీలో ఎవరూ ఎరగరు. మామూలుగా మాకు వచ్చేవన్నీ బూతులే. మేనేజరు ఆ ఉత్తరాన్ని గోడకి అంటించాడు. నీ దస్తూరీ కూడా బాగుందన్నాడు.

కానీ నన్ను "మీరు" అన్నావేమిటి? ఒక్క సర్వర్ బాగుచేసినంత మాత్రాన అంత మర్యాద అక్కర్లేదు. ఒసే అనే పిలువు.

వడ్రంగిగారికి కోటు నచ్చిందా? ముహూర్తం సంగతి దాచిపెడితే ఊరుకోను. దీవి తెరిచే పనిలో పడి ఫోన్లు కూడా తియ్యలేకపోతున్నాను. దీవి అవ్వగానే నీ దగ్గరికి వస్తాను. వస్తాననే అనుకుంటున్నాను.

నీ పిచ్చుక

జులై 19

ఒసే మొద్దూ,

గోడకి అంటించారా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మేనత్త నిన్ను "మీరు" అని రాసిందంటే ఆవిడ ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతున్నాయని తెలియదా? మీ నాన్నని అడుగు, ఆయనకి బాగా తెలుసు.

విను. మెట్ల మీదికి ఎవరూ రావట్లేదు. నువ్వు బాగుచేసిన రోజు నుంచే, అంటే నేను కోటు ఇచ్చిన మర్నాటి నుంచే. మొదటి రోజు, ఏదో పని పడిందేమో అనుకున్నాను. మర్నాడు కూడా లేరు. చిలక లేదు. వడ్రంగి లేడు. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు వచ్చి, కోటు కొనుక్కుని పోతున్నారు. నేను ముక్కాలిపీట మీద కూర్చుంటున్నాను, పక్క మెట్టు ఖాళీగా ఉంటోంది.

కోటు వల్లే. నాకు తెలుసు. మనిషి గోధుమరంగు అడిగితే గోధుమరంగు కుట్టి ఇవ్వాలి. జీవితమంతా చేసిన పని ఇదే కదా, అడిగిన గుడ్డ అడిగినట్టు కుట్టడం. నలుగురిలో నవ్వులపాలు చేశాను, ఆయన మనసు కష్టపెట్టుకున్నాడు, మిగతావాళ్ళు ఆయన పక్షాన చేరారు. నలుగురూ కలిసి వేరే చోట కూర్చుంటున్నారు కాబోలు. పేరు నొక్కి కబురు పంపొచ్చని నాకూ తెలుసు. నేనెందుకు పంపాలి? వాళ్ళకి మాత్రం చేతుల్లేవా?

చెబితే నవ్వుతావేమో గానీ చెబుతాను. మోకాలు కోయించుకున్నాక ఈ ఇంట్లో గోడలు చూసి చూసి విసుగొచ్చింది. ఇన్నేళ్ళూ దుకాణంలో కూర్చుంటే రోజూ ఎవరో ఒకరు చేతులు చాపి నిలబడేవారు, కొలత తీస్తూ వాళ్ళ ఇంటి సంగతులన్నీ వినేదాన్ని. అది పోయింది. ఆ మెట్ల మీద మళ్ళీ దొరికింది అనుకున్నాను. నవ్వులు ముందొచ్చి జోకులు వెనకొచ్చినా సరే, సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు బాధగా ఉందే. సిగ్గు లేకుండా రాస్తున్నాను, బాధగా ఉంది.

ఈ ఆట ఇక నాకు వద్దు. కంప్యూటర్ మీ నాన్నకి ఇచ్చేస్తాను, దాన్ని వేడెక్కకుండా చూసుకుంటాడు. ఫోన్ చెయ్యకు, ఎత్తను.

మీ అత్త

జులై 23

అత్తా,

నిజంగానే ఎత్తలేదు. నాన్న చేత చేయిస్తే "స్నానం చేస్తున్నానని చెప్పు" అన్నావట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్నానమేనా? అందుకే ఇది అర్జంటు పోస్టులో పంపుతున్నాను. కిందకంటా చదువు, మధ్యలో చింపకు.

వడ్రంగి అలగలేదు. ఎవరూ నిన్ను వదిలి వెళ్ళలేదు. చేసింది నేను.

నా ఉపాయం ఏమిటంటే, గడియారం మెట్లకి నకళ్ళు చేశాను. అదే స్తంభం, అవే మెట్లు, అచ్చు గుద్దినట్టు ఎన్నో. జనం రాగానే కొందర్ని ఒక నకలులోకి, కొందర్ని ఇంకోదాంట్లోకి సర్వర్ పంపేస్తుంది. ఏ ఒక్క చోటా గుంపు చేరదు, నత్తనడక రాదు. ఎవరు ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదు. ఒకరికొకరు ఏమవుతారో సర్వర్‌కి తెలియదు కదా. నాకూ ఆ ఆలోచన రాలేదు. నిన్ను ఒక మెట్ల మీద కూర్చోబెట్టాను, చిలకని ఇంకో మెట్ల మీద, వడ్రంగిని మరో మెట్ల మీద.

నీ ఉత్తరం చదివాక రికార్డులు తీసి చూశాను. వడ్రంగి రోజూ సాయంత్రం వస్తున్నాడత్తా. తన నకలులో, అదే మెట్టు మీద కూర్చుంటున్నాడు. పక్కన నీ ముక్కాలిపీట ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. కాసేపు చూసి వెళ్ళిపోతున్నాడు. ఒంటి మీద చిలకపచ్చ కోటు. ఒక్కరోజు కూడా విప్పలేదు.

అది చూశాక సీట్లో కూర్చోలేకపోయాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే కనబడింది. నెల రోజుల్లో రేవుకి వచ్చేవాళ్ళు సగానికి పడిపోయారు. సర్వర్ హాయిగా ఉందని మేం పండగ చేసుకున్నాం. మనుషులు వెళ్ళిపోతుంటే దానికి హాయిగా ఉండక ఏమవుతుంది! గోడ మీది నీ ఉత్తరం పీకి, మొన్నటి ఉత్తరంతో కలిపి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ చదివి, "మొదటిది పొగడ్త కాదా?" అని అడిగాడు. "మా అత్త తిట్టిందంటే ప్రేమ సార్. పొగిడిందంటే భయపడాలి" అన్నాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయనకీ ఇంట్లో ఎవరో అలాంటివాళ్ళు ఉన్నట్టున్నారు.

దీవి రోజుకి నకళ్ళు తీసేస్తున్నాం. మెట్లు ఒక్కటే ఉంటాయి. జనం మితిమీరితే ఆ ఒక్క చోట కాలాన్నే నెమ్మది చేస్తాం. ఒకరు ముందుకీ ఒకరు వెనక్కీ పోకుండా అందరూ కలిసి నెమ్మదిగా కదులుతారు. అందరి సంగతులూ అందరికీ చెప్పడానికి సర్వర్‌కి తీరిక దొరుకుతుంది. నిలబడితే ఆ మెట్లు ఎప్పటికీ మీవే. పడిపోతే ఆట మూత, దానికి కారణం నేను. నిలబడుతుందని చెప్పలేను.

కంప్యూటర్ నాన్నకి ఇవ్వకు. ఆ రోజు ఒక్కసారి వెళ్ళి కూర్చో అత్తా. నా కోసం కాదు. ఆ పచ్చ కోటు కోసం.

నీ మొద్దు

ఆగస్టు 5

ఒసే పిచ్చుకా,

స్నానం అయింది. ఇదిగో జవాబు.

దీవి తెరిచే రోజు మధ్యాహ్నమే వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ లేరు. కుట్టుపని ముందేసుకున్నాను గానీ చెయ్యి ఆడలేదు. నువ్వు పొరపాటు పడ్డావనీ, ఆ కోటు ఇంకెవరిదో అయి ఉంటుందనీ అనుకున్నాను. అసలు సర్వర్ పడిపోయి, ఈ మెట్లు నా కళ్ళ ముందే ఆరిపోతాయేమోనని కూడా అనుకున్నాను. నీ ఉద్యోగం గురించి అనుకోలేదా అంటే, అదీ అనుకున్నాను. మెట్ల గురించి అనుకున్నాక.

సాయంత్రం అయింది. తల వంచుకుని సూది గుచ్చాను. గుడ్డలోకి దిగాల్సిన సూది దిగలేదు. గాల్లో మెల్లగా, తీరుబడిగా కదులుతోంది. తల ఎత్తి చూడకముందే తెలిసిపోయింది, జనం వస్తున్నారని.

రేవంతా కిటకిట. ఎవడో పడవ ఎక్కడానికి కాలు ఎత్తాడు, నేను లేచి వెళ్ళి, కర్ర పట్టుకుని నడిచి, వంటింటి కిటికీ మూసి వచ్చేసరికి ఇంకా ఆ కాలు గాల్లోనే ఉంది. కానీ ఎవరూ వెనక్కి లాగబడలేదు, ఎవరూ మాయం కాలేదు. చిలక నన్ను చూసి పరుగెత్తింది. ఆ పరుగు నా దగ్గరికి చేరడానికి ఎంతసేపు పట్టిందనుకున్నావు! ఈసారి దాని జోకు ముందొచ్చింది, నవ్వు తర్వాత వచ్చింది. వరస బాగుచేశావు, మెచ్చుకున్నాను. ఇది నిజం పొగడ్త, భయపడకు.

పచ్చ కోటు చివరికి వచ్చింది. వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. అక్షరం వెంట అక్షరం ఇలా కనబడింది: "కుట్టత్తగారూ, ఇన్నాళ్ళూ ఏమైపోయారు? కోటు బాగుందని ఆరోజు చెప్పలేదని కోపమొచ్చిందా?"

"మీరే అలిగారనుకున్నానండీ" అన్నాను.

"అయ్యో, ఆరోజు ఎవరికో పన్ను నొప్పి అంటే హడావిడిగా వెళ్ళాను. అదే రంగులో నిజంగా ఒక గౌను కుట్టించుకోవాలని నాకు ఆశ" అన్నారు.

గౌనట! పళ్ళ డాక్టరమ్మ. నాకంటే చిన్నది. మీసాలున్న బొమ్మ బాగుందని పెట్టుకుందట, చూసి నేను ఆయనండీ ఆయనండీ అని నెత్తిన పెట్టుకున్నాను. కాబట్టి నువ్వు ఏ రంగు బట్టలూ కుట్టించుకోనక్కర్లేదు. నవ్వింది చాలు, ఆపు.

ఆట మూయడం లేదని మీ నాన్న నిన్ననే ఫోన్ చేసి చెప్పాడు. "మన పిల్ల కంప్యూటర్లని నెమ్మదిగా నడిపిస్తుందట, దానికి జీతం పెంచుతారట" అని తికమకపడుతున్నాడు. నేను వివరించలేదు. కాస్త తికమకపడితే ఆయనకి కాలక్షేపం.

ఆ మెట్ల దగ్గర ఇక ఏమీ బాగుచెయ్యకు. మా సాయంత్రం ఎంత నెమ్మదిగా గడిస్తే మాకంత లాభం.

డాక్టరు మెట్లు దిగొచ్చన్నాడు, ఒక్కొక్కటిగా. మొన్న దుకాణం తాళం తీశాను. మొదట కుట్టింది నీ చొక్కానే, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వేసుకోగానే తెలుస్తుంది, ఎడమ చెయ్యి జానెడు పొడుగుంది. చూపు తగ్గిందనుకోకు, కావాలనే పెట్టాను. అది ఉత్తరాల్లో సరిచెయ్యడం కుదరదు, నువ్వు వచ్చి నా ముందు చెయ్యి చాపి నిలబడాలి.

ఎదురుచూస్తూ,
మీ అత్త